అడవి లైను

గురువారం పొద్దున లైన్ ఇన్‌స్పెక్టరు మంగీలాల్ వచ్చేసరికి జంపయ్య నూట ఇరవై రెండో స్తంభానికి చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు. సైకిలు చప్పుడు వినిపించినా కదల్లేదు. చేయి మాత్రం కొంచెం ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేశాడు.

మంగీలాల్ దిగి సైకిలు స్టాండు వేసి, చొక్కా ముందుభాగంతో మెడ తుడుచుకున్నాడు. "ఏమంటున్నది?" అన్నాడు.

"మంచిగనే ఉన్నది సారూ. గుట్టకాడ గాలి గట్టిగున్నది. తీగ జర కొట్టుకుంటున్నది. ఏదో కొమ్మ తగులుతున్నట్టుంది, పోయి చూస్త."

ఊళ్లోని టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి పాల్వంచకు రెండు లైన్లున్నాయి. ఒకటి తారురోడ్డు పక్కన పోతుంది. ఊరి మాటలన్నీ దాని మీదనే పోతాయి. రెండోది పాతది. పదమూడు కిలోమీటర్లు, రెండు వందల అరవై ఇనుప స్తంభాలు, రెండు రాగి తీగలు, అంతా అడవిలోనే. రోడ్డు లైనుకు ఏమన్నా అయితే పనికొస్తుందని దాన్ని ఉంచారు. దాని మీద మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు, వారానికొకసారి టెస్టు చేయడానికి వచ్చే మంగీలాల్ తప్ప. ఆఫీసు కాగితాల్లో దాన్ని ఆల్టర్నేట్ రూటు అంటారు. చుట్టుపక్కల గూడేల్లో మాత్రం అది జంపయ్య లైను. తీగకు అడవి లతలు పాకకుండా కోసేది, స్తంభం మీద తీగను పట్టే పింగాణీ పగిలితే మార్చేది, చెదలు పట్టిన చెట్టు లైను మీదికి వాలకముందే నరికేది అతనే.

జంపయ్య నడుముకు బెల్టు కట్టుకుని స్తంభం ఎక్కాడు. ముందు కుడికాలు, తరువాత ఎడమకాలు. నలభై అయిదేళ్ల మనిషి, ఎక్కుతుంటే ఊపిరి కూడా వినిపించదు. టెస్టు ఫోను వైర్లు రెండింటినీ తీగలకు తగిలించి, కిందికి చూసి తలూపాడు. మంగీలాల్ హ్యాండిలు తిప్పాడు.

"ఎక్స్ఛేంజి." అది ఆపరేటరు ఇన్నమ్మ గొంతు.

"నేను, మంగీలాల్ని. ఇనబడుతుందా?"

"మంచిగ ఇనబడుతుంది అన్నా. రోడ్డు లైను కంటే ఇదే సాఫు ఉంది. జంపయ్య ఉన్నడా? వాళ్ల బిడ్డకు జ్వరం తగ్గిందా అడుగు."

మంగీలాల్ తలెత్తి అడిగితే, తగ్గిందని పైనుంచి జంపయ్య అరిచి చెప్పాడు.

టెస్టు అయ్యాక మంగీలాల్ సైకిలు క్యారేజీ మీద మస్టరు, రోజుకూలీల హాజరు పట్టీ, పరిచాడు. ఇంకు ప్యాడు మూత తీశాడు. జంపయ్య బొటనవేలు లుంగీకి తుడుచుకుని ముందుకొచ్చాడు.

"భద్రుకేనా సారూ?"

"ఆ, భద్రుకే."

వేలు ముద్దగా పడింది. మంగీలాల్ ఊది ఆరబెట్టాడు. మొదటి ఆరు నెలలు జంపయ్య అనే రాశాడు. ఒక్క పేరు మీద ఎక్కువ రోజులు పోకూడదు, రేపు పర్మనెంటు చేయమని కూర్చుంటారు అని అప్పటి ఇంజనీరు అనడంతో పేరు మార్చాడు. మార్చమంటే ఏ పేరు రాయాలో అప్పటికప్పుడు తోచలేదు. తన తండా మనుషుల పేర్లే కలం చివరికి వచ్చాయి. సోమ్లా అని ఒక ఏడాది, పూల్‌సింగ్ అని మరికొన్నాళ్లు. ఆ తరువాత భద్రు. భద్రు అతని బామ్మర్ది, కల్లూరు దగ్గర తండాలో ఉంటాడు. ఆ ఇంజనీరు బదిలీ అయిపోయాడు. పేరు మార్చమని గుర్తుచేసేవాళ్లు లేక మూడేళ్లుగా అదే ఉండిపోయింది. అది తప్పని మంగీలాల్‌కు తెలుసు. అయితే అది రోజూ చేసే పనిలో కలిసిపోయిన తప్పు. సైకిలు గొలుసుకు నూనె వేసినంత సేపు కూడా దాని గురించి ఆలోచించేవాడు కాదు.

---

శనివారం మొదలైన వాన సోమవారం దాకా విడవలేదు. సోమవారం పొద్దున ఏడు గంటలకు వాగు పొంగి తారురోడ్డు కల్వర్టును, దాని పక్కన పదకొండు స్తంభాలను పట్టుకుపోయింది. ఎక్స్ఛేంజిలో ఇన్నమ్మ ప్లగ్గు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసింది. పాల్వంచ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"అడవిది చూడు," అన్నాడు మంగీలాల్, గొడుగు మడుస్తూ.

"చూసిన. అది గూడ సప్పుడు లేదు."

అతను సంచిలో రాగి తీగ చుట్ట, నాలుగు పింగాణీలు, కటింగ్ ప్లయరు వేసుకున్నాడు. సైకిలు బురదలో పోదు. నడిచాడు. తడిసిన చెప్పులు కాళ్లకు అంటుకుంటుంటే, తీసి సంచిలో పెట్టుకున్నాడు. నూట అరవయ్యో స్తంభం దాటాక గొడ్డలి దెబ్బలు వినిపించాయి.

నల్లమద్ది చెట్టు వేళ్లతో సహా లేచి తీగల మీద పడి ఉంది. రెండు తీగలూ తెగి, ఒక స్తంభం నడుము విరిగినట్టు వంగింది. జంపయ్య అప్పటికే మొద్దును మూడు ముక్కలు చేశాడు. ఒంటి మీద చొక్కా లేదు. వాననీళ్లు వీపు మీదుగా కారుతున్నాయి.

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"చెట్టు పడ్డ సప్పుడు ఇన్న సారూ. గీడనే గద మా గూడెం."

వంగిన స్తంభాన్ని నిలబెట్టడానికి ఇద్దరికీ బలం చాలలేదు. జంపయ్య పోయి గూడెంలోంచి ఇద్దరిని తెచ్చాడు. తాడు కట్టి లాగి, మొదట్లో రాళ్లు కూరారు. తీగ అతకడమే కష్టమైంది. బిగించి లాగే సామాను ఎక్స్ఛేంజిలోనే లేదు, ఎప్పుడో జిల్లా స్టోరుకు పోయింది. జంపయ్య తెగిన తీగ కొసకు గోనెసంచి చుట్టి, దాన్ని నడుముకు వేసుకుని వెనక్కి వాలాడు. కాళ్లు బురదలో జారుతున్నా మడమలు పాతిపెట్టి, పళ్లు బిగించి, ఒళ్లంతా బరువు చేసి నిలబడ్డాడు. తీగ మెల్లగా పైకి లేచింది. స్తంభం మీద మంగీలాల్ రెండు కొసలూ కలిపి మెలిపెట్టాడు.

"విడిచిపెట్టనా సారూ?"

"జర ఆగు. ఇంకో రెండు చుట్లు."

గోనె చిరిగి, తీగ నడుములోకి దిగిన గీత కింద రక్తం కనిపించింది. వానకు అది వెంటనే కొట్టుకుపోయింది. రెండో తీగకూ అలాగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం రెండు దాటాక టెస్టు ఫోను తగిలించి హ్యాండిలు తిప్పితే ఇన్నమ్మ పలికింది. ఆమె అవతల ప్లగ్గు పెట్టిన శబ్దం కూడా వినిపించింది. ఆ తరువాత ఆమె అరుపు: "పాల్వంచ పలికింది అన్నా! పలికింది!"

మంగీలాల్ ఫోను జంపయ్య చేతికిచ్చాడు. జంపయ్య రెండు చేతులతో పట్టుకుని విన్నాడు, నవ్వాడు, తిరిగిచ్చాడు.

గూడెం మనుషులు ఇచ్చిన జొన్నగట్క తింటూ ఇద్దరూ కొట్టేసిన మొద్దు మీద కూర్చున్నారు. అప్పుడు అన్నాడు మంగీలాల్, ఎవరూ అడక్కుండానే:

"కొత్త రూలొచ్చింది జంపయ్యా. రోజుకూలీల పనిచేసేటోళ్లను పర్మనెంటు చేస్తరంట. ఏడాదికి రెండొందల నలభై రోజులు చేసుంటే చాలు. పెద్దసారు వస్తడు. నీ సంగతి నేనే రాస్త."

జంపయ్య గిన్నె కింద పెట్టాడు. "నా పేరా సారూ, ఆ పేరా?"

"నీ పేరే."

"గట్లయితే మంచిదే," అన్నాడు జంపయ్య. గిన్నె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు గాని చాలాసేపు తినలేదు.

---

రోడ్డు లైను కలవని ఆ తొమ్మిది రోజులూ ఊరు బతికింది ఆ రెండు తీగల మీదనే. ఇన్నమ్మ తెల్లారి ఆరుకు హెడ్‌సెట్టు పెట్టుకుంటే తిండికి తప్ప లేవలేదు. ఉన్నది ఒక్కటే దారి. ముందర ఇరవై, ముప్పై చీట్లు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలని గడియారం ఎదురుగా పెట్టుకుంది. ముందు దవాఖానా. నీళ్లకు పాములు ఇళ్లల్లోకి వచ్చాయి. డాక్టరు పాము కాటు సూదులు కావాలని పాల్వంచకు చెప్పాడు. అవతలి ఒడ్డు దాకా జీపులో తెచ్చి, పడవ మీద దాటించారు. ఆ తరువాత థర్మల్ స్టేషనులో షిఫ్టుకు పోయి ఇటు రాలేకపోయినవాళ్ల పెళ్లాలు. బతికున్నామని ఒక్క మాట చెప్పి, మిగతా రెండున్నర నిమిషాలూ ఏడ్చేవాళ్లు.

పొగాకు వ్యాపారి ఒకాయన కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు. "అర్జెంటు కాలు బుక్ చేసిన నేను! నా లారీలు ఏడున్నయో తెలవాలె!"

"తెలుస్తది. మీ ముందర పదకొండు మంది ఉన్నరు," అంది ఇన్నమ్మ, తలెత్తకుండా. "లారీలకు పాము కాటు ఉండదు గద, కూసోండ్రి."

అడవిలో లైను రెండుసార్లు తెగింది. రెండుసార్లూ గంటలోపు కలిసింది. జంపయ్య ఇంటికి పోవడం మానేశాడు. స్తంభాల వెంట పోతూ, వస్తూ, వాన తగ్గిన చోట చెట్టు కింద కూర్చుంటూ ఉన్నాడు. మంగీలాల్ ఆ తొమ్మిది రోజుల మస్టరు వేరే కాగితం మీద రాశాడు. వరద పనికి విడిగా లెక్క చూపించమన్నారు. అందులో జంపయ్య అనే రాశాడు. చాలా ఏళ్ల తరువాత ఆ మూడక్షరాలు రాస్తుంటే కలం ఎక్కడో తట్టుకున్నట్టయింది.

పదో రోజు, ఒక బుధవారం, ఇంజనీరు జకర్యా జీపులో వచ్చాడు. రోడ్డు పక్కన తాత్కాలికంగా కర్రలు పాతి ఒక్క జత తీగ కలిపారు. మిగతా మాటలు ఇంకా అడవి మీదుగానే పోతున్నాయి. ఆయన లైనంతా పొగిడి, టీ తాగి, సంచిలోంచి టైపు చేసిన కాగితం తీశాడు.

"మీ సెక్షనులో ఒక్కరికి అర్హత ఉంది మంగీలాల్. భద్రు. ఒక ఏడాది రెండు వందల అరవై మూడు రోజులు, తరువాతి ఏడాది రెండు వందల డెబ్భై ఒకటి. వచ్చే గురువారం మళ్లీ వస్తాను. మనిషిని నా ముందు నిలబెట్టు. నువ్వు గుర్తుపట్టి సంతకం చేయాలి."

"సార్, ఆ పని చేసింది..." మంగీలాల్ ఆగాడు. ఇంజనీరు కళ్లద్దాలు తీసి అతనివైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అంతా అర్థమైందన్న అలసట ఉంది.

"మస్టరు నీ చేతిరాత," అన్నాడు మెల్లగా. "వేలిముద్ర ఎవరిదైనా అది భద్రు పేరు పక్కన ఉంది. కాదంటే ముందు నీ ఉద్యోగం పోతుంది. ఆ తరువాత వేరేవాడి పేరు మీద వేలు పెట్టినవాడి మీద కేసు. పోస్టు ఎవరికీ రాదు. నువ్వు చెప్పకపోతే నేను అడగను. గురువారం భద్రు రాకపోతే అర్హులు లేరని రాసి పంపేస్తాను. ఆలోచించుకో."

---

ఇంట్లో భార్య సోమ్లి బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మంగీలాల్ విషయమంతా చెప్పాడు. ఇంట్లో లంబాడీలోనే మాట్లాడుకుంటారు. ఆమె చేట పక్కన పెట్టలేదు. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి.

"మా తమ్ముడు నీ దగ్గరికొచ్చి తన పేరు రాయమన్నాడా?"

"లేదు."

"వాడు దొంగతనం చేశాడా?"

"నేనట్లా అనలేదు."

"ఒకరి పొలంలో జీతానికున్నాడు. పెళ్లాం, ఇద్దరు పిల్లలు. వాడి పేరు మీద ఉద్యోగం వచ్చి గుమ్మంలో నిలబడితే, అక్కర్లేదని నువ్వు తలుపేస్తావా?" రాయి ఒకటి ఏరి బయటికి విసిరింది. "నువ్వు చెప్తే ఆ జంపయ్యకు వస్తుందా?"

"రాదు."

"మరి?"

ఆ 'మరి'కి జవాబు చెప్పాలంటే మంగీలాల్ ముందు తన ఉద్యోగం సంగతి దాటాలి. రెండు రోజులు దాని చుట్టూ తిరిగాడు. జంపయ్య మీద కేసవుతుంది అన్న మాటను పట్టుకున్నాడు. అతని మంచికోసమే నోరు మూసుకుంటున్నానని తనకు తానే చాలాసార్లు చెప్పుకున్నాడు. శనివారం మధ్యాహ్నం ఎక్స్ఛేంజికి పోయి, కల్లూరు పోస్టాఫీసుకు ఫోను కలపమని ఇన్నమ్మను అడిగాడు.

"ఎవరికన్నా?"

"మా బామ్మర్దికి. తండా మనిషి ఎవరన్నా ఉంటే కబురు చెప్పాలె."

ఇన్నమ్మ బోర్డు చూసింది. "రోడ్డు జత ఖాళీ లేదు. అడవి మీదనే పంపాలె. జంపయ్య పైనెక్కి టెస్టు ఫోను పెట్టుకుని ఉన్నడు, పింగాణీ మారుస్తున్నడు. ఉండు, తీసెయ్యమంట." ప్లగ్గు పెట్టింది. "జంపయ్యా, జర నీ ఫోను తియ్యి. మంగీలాల్ అన్న కల్లూరు మాట్లాడాలంట."

హెడ్‌సెట్టు చిన్నదే అయినా పక్కనే నిలబడ్డ మంగీలాల్‌కు ఆ గొంతు వినిపించింది.

"తీసేస్తున్ననమ్మా. సారును మంచిగ మాట్లాడుకోమను."

మూడు నిమిషాల మాట అది. మంగీలాల్ ఒక నిమిషంలో ముగించాడు. గురువారం పొద్దున బస్సుకు భద్రును పంపమన్నాడు. ఫోను పెట్టేశాక ఇన్నమ్మ చీటీ మీద టైము రాస్తూ ఆగింది.

"భద్రు అంటే మస్టరుల రాసే పేరు గద అన్నా?"

అతను సైకిలు వైపు నడిచాడు. ఆమె చీటీని చువ్వకు గుచ్చి, తరువాతి ఫోను అందుకుంది.

---

గురువారం భద్రు పది గంటల బస్సులో దిగాడు. ఉతికిన చొక్కా, తల దువ్వుకున్నాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. ఏం చేయాలో సోమ్లి ఇంట్లో చెప్పి పంపింది. ఎక్స్ఛేంజి వసారాలో బల్ల చివర కూర్చుని, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

ఇంజనీరు రిజిస్టరు తెరిచేవేళకు గేటు దగ్గర జంపయ్య కనిపించాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. పెద్దసారు గురువారం పర్మనెంటు కాగితాలతో వస్తాడని ఎక్స్ఛేంజిలో ఎవరో అనుకుంటుంటే విన్నాడు. ఎనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చాడు. తలకు నూనె పెట్టుకున్నాడు. భుజం మీద కొత్త తువ్వాల మడత విప్పకుండా ఉంది. మంగీలాల్‌ను చూసి నవ్వి, తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"రమ్మను," అన్నాడు ఇంజనీరు.

భద్రు లోపలికి వచ్చాడు. ఇంజనీరు అతన్ని, మంగీలాల్‌ను మార్చి మార్చి చూశాడు.

"ఇతనే కదా భద్రు? అడవి లైను మీద పనిచేసింది ఇతనే కదా?"

తలుపు తెరిచే ఉంది. జంపయ్య నీడ గడప మీద పడి ఉంది. పక్కగదిలో ఇన్నమ్మ ఎవరికో నంబరు చెబుతూ సగంలో ఆగిపోయింది. ఇంజనీరు రెండు ప్రశ్నలు అడిగాడు. మంగీలాల్ మొదటిదానికి మాత్రమే జవాబు చెబుతున్నట్టుగా చెప్పాడు:

"అవ్ సార్."

పక్కగదిలో ఇన్నమ్మ గొంతు మళ్లీ నంబరు అందుకుంది, మొదటినుంచి.

భద్రుకు సంతకం వచ్చు. కలం కోసం చేయి చాపాడు. "మస్టరులో వేలిముద్ర ఉంది, వేలే పెట్టు," అన్నాడు ఇంజనీరు. భద్రు వేలు ఇంకులో ముంచి అలవాటు లేక ఎక్కువ ఒత్తాడు. ముద్ర చుట్టూ నల్లగా అలుముకుంది. కింద మంగీలాల్ సంతకం చేశాడు. రోజూ పెట్టే సంతకంలాగే పడింది. అలా పడడమే అతనికి ఆ తరువాత ఎన్నో ఏళ్లు గుర్తొచ్చేది.

ఇంజనీరు గడప వైపు చూశాడు. "అతనెవరు?"

"జంపయ్య సార్. వరదల తొమ్మిది రోజులు పనిచేసిండు."

"ఓహో, చెట్టు కొట్టింది ఇతనేనా? మంచి పని చేశావయ్యా. ఆ తొమ్మిది రోజులదీ తీసుకో మంగీలాల్."

జంపయ్య లోపలికి వచ్చి విడి కాగితం ముందు వంగాడు. మంగీలాల్ చూపించిన చోట వేలు పెట్టాడు. అంచులు చెదరకుండా గీతలన్నీ విడివిడిగా పడ్డాయి. తల ఎత్తి ఒక్క క్షణం మంగీలాల్ ముఖంలోకి చూశాడు. ఏదో అడుగుతాడని మంగీలాల్ ఎదురుచూశాడు. అడిగితే బాగుండుననిపించింది. అడిగితే ఏమైనా చెప్పి ఉండేవాడేమో. జంపయ్య తువ్వాల భుజం మీద సరిచేసుకుని బయటికి పోయాడు.

కిటికీలోంచి వసారా కనిపిస్తోంది. భద్రు ఇంకు పోవడానికి వేలిని గోడకు రుద్దుతున్నాడు. జంపయ్య అతని ముందు ఆగి, కాళ్ల నుంచి తల దాకా పరీక్షగా చూశాడు. ఎప్పటినుంచో పేరు విని, ఇవాళే కంటపడ్డ చుట్టాన్ని చూసినట్టు చూశాడు.

"నువ్వేనా భద్రువి?"

"అవ్."

"నీ పేరు మీద మస్తు తిరిగిన తమ్మీ."

భద్రు తలదించుకుని ఇంకా గట్టిగా గోడకు రుద్దాడు. సున్నం మీద నల్లటి చార పడింది.

"గోడకు రుద్దకు, పోదు," అన్నాడు జంపయ్య. "నెత్తికి రుద్దుకో. నూనెకు పోతది. గిట్ల." తన వేలు జుట్టులో పెట్టి రుద్ది, తీసి చూపించాడు. "నువ్వు రేపటిసంది వస్తవా లైను మీదికి? నూట నలభయ్యోదాని కాడ పైలం. స్తంభాన్ని ఆపే స్టే వైరు కదులుతున్నది. ఎక్కేటప్పుడు కుడికాలే ముందు పెట్టు. గుట్టకాడ గాలికి తీగ కొట్టుకుంటది, భయపడకు."

భద్రు ప్రతి మాటకూ తలూపుతున్నాడు. లోపల ఇంజనీరు కాగితాలు సంచిలో పెట్టుకుంటూ ఏదో చెబుతున్నాడు. మంగీలాల్ సరే సార్, సరే సార్ అంటున్నాడు గాని వినడం లేదు. వసారాలో జంపయ్య స్తంభం తరువాత స్తంభం చెప్పుకుంటూ పోతున్నాడు. ఎక్కడ ఏ చెట్టు నరకాలో, ఎక్కడ తేనెపట్టు ఉందో, ఏ పింగాణీకి బీట పడిందో ఒక్కొక్కటీ చెబుతున్నాడు. ఆ గొంతు ఆగి, చెప్పుల్లేని కాళ్లు గేటు దాటిపోయే దాకా మంగీలాల్ గదిలోంచి బయటికి రాలేదు.